మార్తమ్మ గారు నాకు వదిలిన జనగామ

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది ఆగస్టు పద్నాలుగున, గంగారం అడవి పల్లెల్లోని ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో శ్రీమతి మార్తమ్మ గారు ఏఎన్ఎంగా విధుల్లో చేరారు. నాటి నుండి నిర్విరామంగా సాగిన వారి సేవ ఈ నెలాఖరుతో ముగుస్తున్నది.

పొంగే వాగుల నడుమ టీకాల పెట్టెను భుజాన వేసుకొని గూడేలకు నడిచిన తొలి దశాబ్దమే వారి మోకాళ్లను అరగదీసింది. అనంతరం బచ్చన్నపేటలోనూ, పిదప భూపాలపల్లి బొగ్గుగని కార్మికుల వాడల్లోనూ పనిచేశారు. తమ కథోలిక విశ్వాసాన్ని వారు ఎవరికీ బోధించలేదు; ఆదివారం పూజకు వెళ్లివచ్చి, సోమవారం ఆ విశ్వాసంతోనే పనిలోకి దిగేవారు.

రెండు వేల పద్దెనిమిది బదిలీల్లో జనగామలోని ఏకైక ఖాళీ సీనియారిటీ ప్రకారం వారికి దక్కవలసినది. పక్షవాతంతో మంచం పట్టిన వారి భర్త ఇమ్మానుయేల్ గారు అక్కడే, తన చెల్లెలు శాంతి ఇంట్లో ఉన్నారు. వరుసలో తర్వాతి పేరు, భూపాలపల్లిలో వారితోపాటే ఏఎన్ఎంగా పనిచేస్తున్న నాది. నా కుమార్తె సౌందర్యకు తలసీమియా. రక్తం ఎక్కించడానికి భూపాలపల్లి నుండి హైదరాబాదుకు పదేపదే చేసే ప్రయాణం ఆ పసిదాన్ని కుంగదీస్తుండేది. జనగామ నుండైతే రైలుంది. మార్తమ్మ గారు ఆ స్థానాన్ని నాకోసం వదులుకున్నారు.

"బావ గట్ల పడి ఉండంగ నాకిస్తె ఎట్ల అక్కా?" అన్నాను.

"ఆయనకు నేనుంటె ధైర్యం. నీ బిడ్డకు రక్తముంటెనే పానం. పో, సంతకం పెట్టు."

జనగామలో చేరాక రోజూ విధులు ముగించుకొని శాంతి ఇంటికి వెళ్లి, ఇమ్మానుయేల్ గారికి ఒళ్లు తుడిచి, పుండ్లకు కట్టు కట్టేదాన్ని. శనివారం బస్సు దిగి, వాచిన పాదాలతో వచ్చిన మార్తమ్మ గారు అది చూసి నా చేతిలోని గుడ్డ లాక్కోబోయారు.

"నువ్వెందుకు చేస్తున్నవ్ విజయా? నేనొచ్చిన గద."

"ఇచ్చుడొక్కటే తెలుసా అక్కా? జర తీసుకునుడు గూడ నేర్సుకో."

వారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తర్వాత గోడకు ఆనుకొని కూర్చొని, "దేవునికి కృతజ్ఞతలు. నీకు గూడ, బిడ్డా. మస్తు అలిసిపోయిన" అన్నారు. కూర్చున్న చోటనే నిద్రపోయారు.

రెండేళ్లకు ఇమ్మానుయేల్ గారు కన్నుమూశారు. ఆ సమయాన మార్తమ్మ గారు భూపాలపల్లిలో విధుల్లో ఉన్నారు. కడసారి మాట దక్కలేదు. సమాధి దగ్గర నుండి తిరిగి వస్తూ, నాకిచ్చినందుకు బాధపడుతున్నారా అని అడిగాను.

"బాధ ఉంది. ఇచ్చినంక బాధ ఉండదని నీకెవలు చెప్పిన్రు? అయినా మల్ల అడిగితె గట్లనే ఇస్త."

మర్నాటి ప్రాతఃకాల పూజలో భర్తతో గడిపిన సంవత్సరాలకు కృతజ్ఞత తెలిపి, ఆ మధ్యాహ్నమే బస్సెక్కారు. అలసట వారిని ఆనాటి నుండి వీడలేదు, సేవా ఆగలేదు. సౌందర్యకు చికిత్స నేటికీ సాగుతున్నది. ఈ ఏడు ఆమె డిగ్రీలో చేరింది.

మార్తమ్మ గారికి ఆ ప్రభువు సంపూర్ణ ఆరోగ్యాన్ని, దీర్ఘాయుష్షును ప్రసాదించాలని, ఆ మోకాళ్లకు ఇకనైనా విశ్రాంతి లభించాలని మనసారా ప్రార్థిస్తున్నాను. మేము వారి ఇంటికి వెళ్లిన నాడు వారు లేచి చాయ్ పెట్టవద్దని, మేము పెట్టిన చాయ్ కూర్చొని తాగాలని నా విన్నపం.