మిగిలినోళ్ల వరుస

మణుగూరు దాటాక అడవంచున ఒక గూడెం. ఆదెమ్మ వాకిట్లో కూర్చుని తునికాకు కట్టలు కడుతోంది. హైదరాబాదులో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే మరిది కొడుకు చిరంజీవి, ఆమె ఇచ్చిన కాగితాన్ని మడిచి మళ్ళీ విప్పుతున్నాడు. అది తన కంట పడకుండా ఉంటే ఎంత బాగుండు అనిపిస్తోంది అతనికి.

"ఎన్నిసార్లు చూస్తవ్ రా? చూస్తే అక్షరాలు మారుతయా?"

"మారవు పెద్దమ్మా."

"మరి చదువు."

"పట్టా రాదని రాసిండ్రు."

"అది ఆఫీసు కాడ బంట్రోతు సుత చెప్పిండు. ఎందుకు రాదు?"

"కంప్యూటర్ తీసేసింది."

"కంప్యూటర్‌కి నా చేనేం తెలుసురా? మీ పెద్దనాయన, నేను ముప్పై ఏండ్లు దున్నినం. సోమారం ఫారెస్టోళ్లు కందకం తవ్వుతరంట. ఆ రెండెకరాలు పోతే నేనేం తినాలె?"

"దానికి చేను తెల్వది. మనిషికో డబ్బా చేస్తది. డబ్బాల పేరు, ఊరు, మొగుడు, కాగితాలు. ఆ డబ్బా ఏ వరుసకు సరిపోతదో పైనుంచి కిందికి చూసుకుంట వస్తది. ప్యాటర్న్ మ్యాచింగ్ అంటరు."

"కల్లంల ఆకు కొనే కల్లేదారు కట్టను తిప్పి చూసి పక్కకు పారేసినట్టా?"

"అవ్, గట్లనే."

"నన్ను ఏ వరుసల చూసింది?"

"మొదటిది, మొగుడున్న ఆడమనిషి."

"ఏడున్నడు? పోయి మూడేండ్లాయె."

"రెండోది, మొగుడు పోయి, చావు సర్టిఫికెట్ ఉన్న మనిషి."

"సర్టిఫికెట్ ఏంది? ఆయన పేరు మీద రాయి నిలబెట్టినం కదరా! ఊరంత వచ్చింది, డోలు కొట్టిండ్రు. ఆ రాయి మోసినోళ్లల్ల నువ్వు లేవా?"

"ఉన్న."

"మరి రాయి ఉన్నదని చెప్పరాదా?"

"రాయికి నంబరుండదు పెద్దమ్మా."

"ఇప్పుడు తెస్త ఆ సర్టిఫికెట్."

"ఇన్నేండ్లకు అడిగితే నెలలు తిప్పుతరు. సోమారంలోపు కాదు."

"ఇంకో వరుస లేదా?"

"ఉన్నది. పెండ్లి కానోళ్లది."

"నా ఖర్మ! ఏదీ కాకపోతే?"

"ఏదీ కాకపోతే... అన్నిటికంటె కింద ఒకటుంటది. మిగిలినోళ్ల వరుస. అండ్ల పడితే తీసేయాలె."

"ఎవడు రాసిండ్రా అది? వాని చేతులు పడిపోను! వాని ఇంట్ల మొగుడు చచ్చిన ఆడది లేదా?"

"అది రాయకపోతే ప్రోగ్రాం మధ్యల ఆగిపోతది. ఏదో ఒకటి రాయాలె కదా."

"వాని దిక్కు మాట్లాడుతవేంది?"

"మాట్లాడతలేను."

"తీసేయి అనే బదులు, పోయి అడిగి రా అని రాయరాదా? ఒక్క మనిషి వస్తే రాయి కాడికి తీసుకపోయి చూపిస్తుంటి."

"రాయొచ్చు. ఒక్క లైనే."

"మరి రాయలేదేంది?"

"జల్దీ కావాలన్నరు. మనిషి పోయి అడిగితే ఆలస్యమైతదన్నరు."

"అన్నరా? ఎవరితోని అన్నరు?"

"పైనోళ్లు అన్నరు పెద్దమ్మా."

"చిరంజీవీ, ఇటు చూడు. ఆ కాగితం కింద పెట్టు. ఎవరితోని అన్నరు?"

"నాతోని."

"ఏంది?"

"వరుసలన్ని నేనే రాసిన పెద్దమ్మా. ఏమన్న తిట్టు."

"తెల్వక రాసినవ్. పట్నంల కూసోని రాస్తే, నాలాంటిది ఒకతి ఉంటదని యాదికి రాలేదు. అంతే గదా? అంతే అను బిడ్డా."

"యాదికొచ్చింది. ఆఖరి వరుస మంచిగ పనిచేస్తదా లేదా చూడనీకి, మొట్టమొదట నీ పేరే వేసి చూసిన. తీసేసింది. కరెక్టుగనే ఉన్నదని టిక్కు పెట్టిన."