వేలు పెట్టి మూసిన మాట

బడి గేటు ముందు టీకొట్టు బల్ల మీద భాషా మాస్టారు కథ అందుకున్నారు. వింటున్నది లెక్కల మాస్టారు, హెడ్మాస్టరు. వచ్చే ఏడాది పదో తరగతికి భాష చెప్పేది ఈయనా, కొత్తగా వచ్చిన టీచరమ్మా అన్నది హెడ్మాస్టరు ఆ సాయంత్రమే రాయాలి. కాగితం జేబులోనే ఉంది.

“ఇన్నేళ్లూ మన పిల్లలు ఏం రాశారండీ? ‘ఇందులో ఉపమాలంకారం కలదు, చాలా బాగున్నది.’ నలభై పేపర్లలో అదే ముక్క! ఆ జబ్బు కుదిర్చిందెవరు? నేనే. ‘పాప వానజల్లులా నవ్వింది’ అని రాయించి, ‘వానజల్లులా’ మీద వేలు పెట్టి మూసి చదవండర్రా, ఏం పోయిందో అదే రాయండి అన్నాను. వెనక బెంచీ మొద్దబ్బాయి ఏం రాశాడో తెలుసా? నవ్వు ఉంది గానీ పక్కవాళ్లు తడవట్లేదు అని!”

“ఆ వేలు పద్ధతి టీచరమ్మది కదా?” అన్నారు లెక్కల మాస్టారు.

“ఆవిడదా! నన్ను చూస్తే దణ్ణం పెట్టి తప్పుకునే పిల్లలు ఆవిడ చుట్టూ మూగుతారు, అంతమాత్రాన పద్ధతి ఆవిడదైపోతుందా? నాకేం అసూయండీ? సరే, ఆ తర్వాత ఏమైందో వినండి. వాడు వేలు పెట్టగానే బయట పడుతున్న వాన టక్కున ఆగింది. తీశాడు, కురిసింది!”

“కుళాయి తిప్పినట్టా?”

“కుళాయేమిటండీ! రైతులు గేటు దగ్గర బారులు తీరారు, మా పొలానికో రెండు గంటలు వేలు తీయించండి మాస్టారూ అని. ఇక పరీక్షనాడు నలభైమందీ ఒక్కసారే వేళ్లెత్తారు. గదిలో నడుంలోతు నీళ్లు! బెంచీలు పడవలయ్యాయి. తనిఖీకొచ్చిన ఆఫీసరుగారు హాజరుపట్టీ పట్టుకుని తేలుతుంటే నల్లబల్ల ఊడదీసి, దాని మీద ఎక్కించి ఒడ్డుకు చేర్చాను. ‘పదో తరగతి మీకు కాక ఇంకెవరికయ్యా’ అన్నారాయన, తుమ్ముతూ. మరి టీచరమ్మ? కిటికీ బయట నక్కి, నా ప్రతి మాటా దొంగచాటుగా కాగితం మీద ఎక్కించుకుంటోంది!”

టీకొట్టు అక్క గ్లాసులు కడగడం ఆపింది.

“గురువారం నేను టీ తెచ్చినప్పుడు ఆ కిటికీ బయట ఉన్నది మీరు కదా మాస్టారూ? లోపల ఆవిడ చెబుతుంటే మీరు రాసుకుంటున్నారు. నా గ్లాసు ఇంకా ఆ కిటికీ గట్టు మీదే ఉంది.”

“అది... ఎండగా ఉంటే, కాస్త నీడకని...”

“ఆవిడ దగ్గర చదివే మా అమ్మాయి ఇంట్లో కనబడ్డ ప్రతి మాటనీ వేలు పెట్టి మూస్తోంది. నేనూ మీ కథలో టీచరమ్మ చెప్పిందంతా మూసి చూశాను.”

“ఏం పోయిందక్కా?” అన్నారు లెక్కల మాస్టారు.

“పాఠం పోయింది సార్. నీళ్లు మిగిలాయి.”

హెడ్మాస్టరు నవ్వలేదు. కాగితం తీసి ఒక పేరు రాశారు. భాషా మాస్టారు మెడ సాచి చూడబోతే, ఆ పేరు మీద వేలు పెట్టి మూశారు.

“ముందు వెళ్లి ఆ గ్లాసు తెచ్చివ్వండి” అన్నారు.