కుడి నుంచి చదవండి

నా పేరు షాదిలియా బిన్ సాసీ. తండ్రి పేరు తిజానీ, ఇప్పుడు లేరు. వయసు ముప్ఫై నాలుగు. స్ఫాక్స్ పట్టణంలో చేపల బజారు వెనక వీధిలో మా అమ్మతో ఉంటున్నాను. కట్టుడు పళ్ళు తయారు చేయడం నా వృత్తి. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపుతారు, నేను పళ్ళు చేసి పంపుతాను. తీరిక దొరికితే నవ్వు బొమ్మల కథలు గీసి నెట్‌లో పెడతాను. ఆ పేజీ పేరు కూడా ‘కట్టుడు పళ్ళు’. ఇంతకు ముందు నా మీద ఏ కేసూ లేదు.

నా మీద ఫిర్యాదు ఇచ్చిన ఫౌజీ మస్మూదీ మా వీధి చివర ‘బురుజు’ అనే వీడియో గేముల కేఫ్ నడుపుతాడు. ఈ రోజు, శనివారం, ఉదయం పదకొండు గంటలప్పుడు ఆయన కంట్లో హరీసా కారం పడిన మాట నిజం. నేను ఆయన్ని కొట్టానన్నది పచ్చి అబద్ధం. ఎలా పడిందో వరసగా చెబుతాను. వరస తప్పినందుకే ఇదంతా జరిగింది. కాబట్టి రాసేవారు కూడా వరస తప్పకుండా రాసుకోవాలని మనవి.

నా తమ్ముడు లస్సాద్‌కు ఇరవై నాలుగేళ్ళు. ఆలివ్ నూనె మిల్లులో పనిచేసేవాడు. కిందటేడు పంట కాలంలో మిల్లు బెల్టు వాడి కుడిచేతి చిటికెన వేలును, ఉంగరపు వేలును లాగేసుకుంది. అప్పటినుంచి ఆ చెయ్యి జేబులోంచి బయటకు రాలేదు. నలుగురిలో ఉంటే టీ గ్లాసు కూడా ఎడమచేత్తోనే పట్టుకునేవాడు. చిన్నప్పుడు ఎడమచేత్తో తాగితే మా అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. ఇప్పుడు చూసి తల తిప్పుకునేది.

‘ఏడు బురుజులు’ అని ఒక గేము ఉంది. మొదట్లోనే అడుగుతుంది, సులువుగా ఆడతావా కఠినంగా ఆడతావా అని. ఏడు బురుజులూ ఎక్కితే పైన ఒక పాము రాక్షసి ఉంటుంది. వేళ్ళున్న రోజుల్లో లస్సాద్ కఠినంలోనే ఆడేవాడు, ఫౌజీ కేఫ్‌లోనే. మూడు వేళ్ళతో అది అయ్యే పని కాదు. రెప్పపాటులో నాలుగు మీటలు నొక్కాలి. ఏడాది పాటు దాని జోలికి పోలేదు. మొన్న పండగ సెలవుల్లో ఒకరోజు ఇంట్లో కూర్చుని, సులువు మీట నొక్కి, ఆ ఏడూ ఎక్కేశాడు. “అక్కా! పైకొచ్చేశానే! దా, చూద్దువుగాని!” అని అరిచాడు. ప్రమాదం తర్వాత వాడు అలా అరవగా వినడం నాకు అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. అందుకే దాని మీద ఒక బొమ్మ గీసి నా పేజీలో పెట్టాను.

బొమ్మలో నాలుగు గడులున్నాయి, పక్కపక్కనే, ఒకే వరసలో. మొదటి గడిలో మూడు వేళ్ళ వీరుడు ‘కఠినం’ అనే పెద్ద తలుపు ముందు బోర్లా పడి ఉంటాడు. బొజ్జలేసుకున్న కాపలావాళ్ళు పడీపడీ నవ్వుతుంటారు. రెండో గడిలో వాడు లేచి నిలబడి తలుపుల వంక చూస్తుంటాడు. మూడో గడిలో ‘సులువు’ అనే చిన్న తలుపులో సగం లోపల, సగం బయట ఉంటాడు. నాలుగో గడిలో బురుజు పైన రాక్షసితో కలిసి బాదం పప్పులేసిన టీ తాగుతుంటాడు. కాపలావాళ్ళు ఇంకా కిందే చెమటలు కక్కుతుంటారు. పైన పేరు లేదు, ఎవరి నోటా మాట లేదు. గేములో మీటల మీద ఫ్రెంచి అక్షరాలుంటాయి కాబట్టి తలుపుల మీద ఆ రెండు మాటలే ఫ్రెంచిలో రాశాను. నా కొంప ముంచింది అదే.

మాకు బడిలో రెండూ నేర్పుతారు. అరబ్బీ కుడి నుంచి, ఫ్రెంచి ఎడమ నుంచి. ఇది అధికారి గారికి తెలియనిది కాదు, అయినా రాయమంటున్నాను. నేను కుడి నుంచి గీశాను. ఎప్పుడూ అంతే గీస్తాను. ఇంతకు ముందు బొమ్మల్లో అరబ్బీ మాటలుండేవి కాబట్టి ఎవరూ తప్పు చదవలేదు. ఈసారి ఫ్రెంచి అక్షరాలు కనబడగానే జనం ఎడమ నుంచి అందుకున్నారు. ఎడమ నుంచి చూస్తే కథ ఏమిటి? వాడు మొదట రాక్షసితో టీ తాగుతాడు. తర్వాత సులువు తలుపులోంచి బయటికొస్తాడు. ఆఖరికి కఠినం తలుపు ముందు బోర్లా పడతాడు, అందరూ నవ్వుతారు. పళ్ళ పనిలో రోగి కుడి నాకు ఎడమ, రోగి ఎడమ నాకు కుడి. రోజూ కుడి ఎడమలతోనే బతికే నేను నాలుగు గడుల మీద నాలుగు అంకెలు వెయ్యలేదు.

ఇక మొదలయింది. ఒకడు, “ఇన్నాళ్ళకి సులువుగాళ్ళకి గడ్డి పెట్టేవాళ్ళొచ్చారు, శభాష్ అక్కా!” అని రాశాడు. ఆ శభాష్ నాకు చెప్పుదెబ్బలా తగిలింది. గాబెస్ నుంచి ఒకావిడ, “వేళ్ళు లేనోణ్ణి చూసి నవ్వుతావా? నీ పళ్ళూడిపోను! ఆ కట్టుడు పళ్ళేవో నీకే పెట్టుకో” అని రాసింది. కుడి నుంచి సరిగ్గా చదివినవాళ్ళు కొందరు లేకపోలేదు. వాళ్ళూ తిట్టారు. “సులువులో గెలిచి టీలు తాగడమేంటి? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట ఎవడో” అన్నాడొకడు. “ఇందులో నవ్వేది ఎక్కడో గుర్తు పెట్టు తల్లీ, అక్కడ నవ్వుతాం” అన్నాడింకొకడు. నేను ఊరికే పెట్టిన బొమ్మ అది. వీళ్ళెవరూ దానికి ఒక్క మిల్లీము ఇచ్చినవాళ్ళు కారు.

కుడి నుంచి చదవండి అని రాశాను. కుడి నుంచి చదవండి అని మళ్ళీ రాశాను. కుడి నుంచి చదవండి బాబూ అని ఒక్కొక్కడికీ రాశాను. “చేతులు కాలాక ఆకులు పట్టుకోకు” అన్నారు. “దొరికిపోయి మాట మారుస్తోంది” అన్నారు. అప్పటికి వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటున్నారు. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని కూడా మరిచిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. అమ్మ చేప కుస్కుస్ చేసింది. లస్సాద్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఫోను నా కంచం పక్కన పెట్టాడు.

“అక్కా, ఆ నవ్వేవాళ్ళలో నువ్వు ఎవరివి? లావుపాటాయన పక్కనున్నదా?”

“ఒరేయ్, కుడి నుంచి చూడరా!”

“ఇప్పుడు కుడీ ఎడమా చెప్పకు. ఊరంతా ఎలా చదివిందో నేనూ అలాగే చదివా.”

వాడికి చిన్నప్పుడు పాత పుస్తకాల కొట్టునుంచి ఫ్రెంచి బొమ్మల కథలు తెచ్చిచ్చింది నేను. ఎడమ గడి మీద వేలు పెట్టించి, ఇక్కణ్ణించి మొదలుపెట్టరా అని నేర్పిందీ నేనే. ఎవరి మీద అరవను? వాడు కుస్కుస్ అలాగే వదిలేసి లేచాడు. సాయంత్రం పడవకు కెర్కెన్నా దీవిలో మా మామయ్య ఇంటికి వెళ్ళిపోయాడు. నేను చేస్తే ఫోను ఎత్తలేదు. “వాడు వలలు కూడా ముట్టుకోవడం లేదే, గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు” అని మామయ్య చెప్పాడు. ఈ రోజు ఉదయం వరకు పరిస్థితి ఇది.

ఈ రోజు అమ్మ చెప్పిన అరకిలో హరీసా కారం ముద్ద డబ్బా కొనుక్కుని వస్తున్నాను. ఫౌజీ కేఫ్ గోడకు నా బొమ్మ నిలువెత్తున వేలాడుతోంది. కింద మూల నా పేరు కత్తిరించేశారు. పైన పెద్ద అక్షరాలతో ‘ఆదివారం పోటీ. కఠినం మాత్రమే. సులువుగాళ్ళు రావద్దు’ అని రాయించాడు. లోపలికి వెళ్ళాను. మొదట మర్యాదగానే మాట్లాడానని ఇక్కడ రాయాలి.

“ఫౌజీ, ఆ బొమ్మ నువ్వు తిరగేసి చదివావు. దించెయ్.”

“అదేంటక్కా, నీకే కదా పేరొచ్చింది! మా కుర్రాళ్ళంతా నీ అభిమానులు.”

“అది నా తమ్ముడి బొమ్మరా. వాడు నీ కేఫ్‌లోనే పెరిగాడు. వాడి చెయ్యి సంగతి నీకు తెలీదా?”

“తెలుసు. తెలిసే చెబుతున్నా. ఆట అందరికీ కాదు. చెయ్యి బాగోనోళ్ళు డామినోలు ఆడుకోవాలి. మా తాత అవే ఆడతాడు.”

కుర్రాళ్ళు నవ్వారు. అచ్చం నా మొదటి గడిలో కాపలావాళ్ళలాగే నవ్వారు. నేను బయటికొచ్చి డబ్బా మూత తీశాను. రెండు వేళ్ళు ముంచి కుడి చివరి గడి మీద ఒకటి వేశాను. దాని పక్కన రెండు. దాని పక్కన మూడు. నాలుగు వేస్తుండగా ఫౌజీ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని తనవైపు లాగాడు. లాగిన చెయ్యి లాగినవాడి దగ్గరికే కదా వెళుతుంది! అలా కంట్లో పడింది. “కన్ను పోయింది! చంపేసింది!” అని వీధి దద్దరిల్లేలా అరిచాడు. రుద్దుకోకు అని నేను చెప్పాను. రుద్దుకున్నాడు. ఒక్కరైనా చెప్పినట్టు వింటే కదా. చూపుకేమీ భయం లేదని కంటి డాక్టరు రాసిచ్చిన కాగితం అధికారి గారి దగ్గరే ఉంది.

ఇదంతా ఒక కుర్రాడు ఫోనులో తీశాడు. సెల్ఫీలా పట్టుకుని, తన మొహం ముందు, నేనూ బొమ్మా వెనక. “చూడండ్రా, కట్టుడు పళ్ళ పిచ్చిది కారం పూస్తోంది!” అని వెక్కిరిస్తూ తీశాడు. నన్ను స్టేషన్‌కు తెచ్చేలోపే అది ఊరంతా తిరిగింది. తిట్లు మళ్ళీ మొదలు. అంకెలు వెయ్యడం కూడా రాదు, తిరగేసి వేసిందని ఒకరు. ఆ ఫోను అద్దంలా కుడిని ఎడమ చేసి చూపిస్తుందని వాళ్ళకెవరు చెబుతారు? ఇక చెప్పే ఓపిక నాకు లేదు.

అధికారి గారికి అసలు బొమ్మ చూపించాను. ఎడమ నుంచి చూసి నవ్వారు. కుడి నుంచి చూడమన్నాను. అప్పుడు నవ్వలేదు. ఇంతలో నా ఫోను మోగింది. స్పీకరులో పెట్టి మాట్లాడమన్నారు. లస్సాద్.

“అక్కా, ఆ వీడియో చూశా. అందులో బొమ్మ వేరేగా ఉందేంటి? ముందు పడ్డాడు. తర్వాత పైకెళ్ళాడు.”

“అదేరా. నేను గీసింది అదే.”

“టీ తాగేది ఆఖర్నా?”

“ఆఖర్నేరా నాన్నా.”

వెనక పడవ రేవు గోల వినబడింది. తర్వాత, “కానీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకున్నాడు” అన్నాడు.

“అది అద్దం చేసిన పనిరా. అద్దంలో అలా కనబడుతుంది. నేను గీసింది కుడిచెయ్యే. మూడు వేళ్ళే. మూడు వేళ్ళతో గ్లాసు పట్టుకుంటుందా లేదా అని నా రెండు వేళ్ళు మడిచి కట్టేసుకుని, పట్టుకుని చూసి మరీ గీశాను. పట్టుకుంటుందిరా.”

లైను తెగిపోయింది.

ఫౌజీ కన్ను మండినందుకు బాధపడుతున్నాను. గోడ మీద బొమ్మ పాడైనందుకు బాధపడటం లేదు. పాడు చెయ్యలేదు, వరస వేశాను. నా మాటలు అరబ్బీలో రాసి, కుడి నుంచి ఎడమకు చదివి వినిపించారు. ఎక్కడా వరస తప్పలేదు. ఇందులో నేను చూడనిదీ లేదు, చెయ్యనిది చేశానన్నదీ లేదు, ఎవరి బలవంతమూ లేదు.

సంతకం పెట్టబోతూ ఇంకొక్క మాట చేర్చమని కోరాను. దానికీ కేసుకూ సంబంధం లేదన్నారు. ఉంది, రాయండి అన్నాను. నా తమ్ముడు మధ్యాహ్నం పడవకు వచ్చాడు. స్టేషన్ వరండాలో బెంచీ మీద, ఫౌజీ కుర్రాళ్ళకు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు. కుడిచేత్తో.

(సంతకం) షాదిలియా బిన్ సాసీ