సాంచె చప్పుడుల ఇనవడే పేరు

ఏం జూస్తున్నవ్ బిడ్డా రచనా, పొద్దటికెళ్ళి గా ఫోన్ల? మన పిలగానికి పేర్లా. చదువు, మీ తాత గూడ ఇంటడు. కై. ఏ దేశపోళ్ళది? హవాయి. సముద్రమని అర్థమా. సిరిసిల్లల సముద్రం ఏడికెళ్ళి తెస్తవే, మన మానేరు వాగు నిండితెనే పండుగాయె. ఇంకోటి చదువు. అన్నీ పొట్టి పొట్టియే ఏరుతున్నవ్. గీ పొట్టి పేర్ల పిచ్చి నీకు కొత్తది గాదు, మన ఇంట్లకెళ్ళి అచ్చిందే. మీ బాపు మేనమామ రాజమౌళి అని ఉండె. నా పెండ్లం అన్న, నాకు బావ. నువ్వు పుట్టకముందే పోయిండు, నీకేమెరుక. ఫోన్లు లేని కాలంల ఆయనే ఒక ఫోను. ఎన్ని దేశాల పేర్లు కావాలె నీకు, అన్నీ ఆయన నాలిక మీద ఉండెటియి.

ఎందుకంటవా, అదొక కత. ఇద్దరం భీవండిల సాంచెలు, అదే కరెంటు మగ్గాలు, నడిపెటోళ్ళం. ఆ షెడ్డుల చప్పుడు చెప్తె ఎరుకగాదు. నోటితోని మాట్లాడుడు ఉండది, అన్నీ చేతుల సైగలే. ఒకనాడు నాడె, అదే, దారం మోసుకోని సాంచెల అటిటు ఉరికే కట్టె, తప్పించుకోని గాలిల లేసింది. మాతోని పనిజేసే ఎల్లంతకుంట మల్లయ్య దూరంకెళ్ళి జూసి కేకేసిండు. రాజ అనెవరకు నాడె మీదికచ్చింది, మౌళీ అనెవరకు బావ కన్ను వోయింది. సాంచెకు అడ్డం ఇనుప జాలి కట్టియ్యాలెనా వద్దా? సేటు కట్టియ్యలే. తప్పు వానిది. ఎవ్వలన్న సేటును తిడుతరు, మా బావ తన పేరును తిట్టిండు. 'నా పేరు గింత పొడుగు లేకుంటె నా కన్ను నాకుండెటిది బావా' అన్నడు. దవాఖాన్ల డాక్టరు నవ్విండు గని ఆయన నవ్వలే.

ఇగ అప్పటికెళ్ళి పొట్టి పేర్లు ఏరుడు షురూ జేసిండు. మన దిక్కు లేవా అంటె ఉన్నయి. అంజి. షెడ్డుల అంజీ అని కేకేస్తె సగం మంది తిరుగుతరు, అందరు కొండగట్టు అంజన్న మొక్కుకు పుట్టినోళ్ళే. పోనీ రామ్ అంటె, అందరు చెయ్యెత్తి రామ్ రామ్ అంటరు, ఒక్కడు జరుగడు. గందుకే పరాయి పేరు గావాలె, పిలిస్తె ఒక్కడే తిరగాలె. చాయ్ హోటల్ల ఏ రాజ్యపోడు కనవడ్డా పట్టుకునుడే, నీ పేరేంది, దాని అర్థమేంది. 'అర్థమెందుకు బావా, ఇనవడితె సాలదా' అంటె, 'అర్థం లేకుంటె ఆడోళ్ళు ఒప్పుకోరు' అనెటోడు. సిరిసిల్లకు తిరిగచ్చినంక గల్లిల మొగపిలగాడు పుడితె చాలు, చుట్టాలకంటె ముందు బావ హాజర్. మహిపాల్ కొడుక్కు అలీ అని పెట్టిచ్చిండు, ఎత్తైనోడని అర్థమట. గాడు ఇప్పటికీ నా బుజం దాటలే. ఇంకొకనికి గుల్, పఠాన్ల మాటల పువ్వట. మల్లయ్యకు జోస్ చెప్పిండు, కేరళోళ్ళది. 'అర్థమేందే' అన్నడు మల్లయ్య. 'దేవుడు ఇంకింత ఇస్తడని.' మల్లయ్యకు అప్పటికే ఇల్లు నిండ పిల్లలు. 'ఇంగ చాలు అనే పేరుంటె చెప్పు అన్నా' అన్నడు. నవ్వకు, బాలింతవు. అలీ అంటె తురకోళ్ళ పేరు గద అని ఒక్కలన్న అన్నరా? అనలే. పీరీల పండుగకు, అదే మొహర్రంకు, అందరం గా నిప్పుల గుండం చుట్టు తిరిగెటోళ్ళమేనాయె. ఇప్పుడు ఒకలనొకలు పేరు జూసి కులం పడుతరు, మతం పడుతరు, ఇంట్ల కూసోని ఫోన్లనే తిట్టుకుంటరు. పోనియ్. యాడున్న? ఆ, మీ బాపు పుట్టుడు.

ఇరవై ఒకటో దినం తొట్లె ఏసినం. నన్ను కన్న మా అవ్వ ఐలవ్వ, 'అంజన్నకు మొక్కుకున్న, ఆంజనేయులు అనే పెట్టాలె' అని మొండికేసి కూసున్నది. బావ ఇంటడా? 'పేరు చెవిల చెప్పేది మేనమామ, నోరు నాది, నా ఇష్టం' అన్నడు. ఆయనకు పిల్లలు లేరు బిడ్డా. మేనల్లుని కోసమని ఎవ్వలకియ్యకుంట ఒక పేరు దాసిపెట్టిండు. నూర్. వెలుగు అని అర్థం. కన్ను వోయినోడు చెప్తె ఎవ్వలు కాదంటరు, మా అవ్వ గూడ జర మెత్తవడ్డది. అప్పుడు మీ బాపమ్మ తలకాయెత్తింది. 'పేరు మంచిగుంది అన్నా. గింత పొట్టిగ ఎందుకు?' అన్నది. 'సాంచె చప్పుడుల ఇనవడాలె గద చెల్లె' అన్నడు. 'అంటె వాడు ఇంక తొట్లెల పండలే, అప్పుడే సాంచె కాడ నిలవెట్టినవా? నీ కన్ను తీసింది నీ పేరు గాదన్నా, జాలి కట్టని సేటు. గా సేటు కొడుకు పేరు గిట్ల కొలిచే పెట్టిండ్రా?' అన్నది. మెల్లగనే అన్నది. గందుకే అడుగుతున్న రచనా, నీకెందుకు పొట్టిది? ముద్దుగున్నదనా. ముద్దుకైతె పెట్టుకో బిడ్డా, పుట్టంగనే నౌకరికైతె వద్దు.

మీ బాపమ్మ గట్లనంగనే బావ లేసి పోతడనుకున్న. పోలే. తొట్లెల తలవెట్టి మీ బాపు చెవిల చెప్పుడు షురూ జేసిండు. చెప్తాండు, చెప్తాండు, అయిపోతలేదు. 'ఏందిరా, పేరు చెప్తున్నవా, పురాణం చెప్తున్నవా' అన్నది మా అవ్వ. తలకాయ బయటికి తీసి అప్పుడు అందరికి చెప్పిండు. లక్ష్మీ నర్సింహ ఆంజనేయ ప్రేమ్‌కుమార్. ధర్మపురి సామిని, కొండగట్టు సామిని ఇద్దర్నీ ఎక్కిచ్చిండు. 'చెల్లె, గీ పేరు ఏ షెడ్డుల ఎవ్వడు పిలువలేడు. ఇగ వీన్ని సాంచె కాడికి ఎవ్వడు తోలుకపోతడో సూస్త' అన్నడు.

మేమందరం ప్రేమ్ అనే అన్నం. ఆయనొక్కడే నిండ పిలిచెటోడు. గల్లి మూలకు మొదలువెడితె మన గడపల అయిపోయేది. మీ బాపు గూడ తక్కువోడా, కడదాంక పిలిచినంకనే పలికెటోడు, ఇద్దరికి అదొక ఆట. జగిత్యాలల డిగ్రీ చదువుకుంట ఉండంగ, మామకు పానం బాగలేదు రమ్మని కబురు వెట్టినం. బస్సు దిగి ఉరికచ్చి మంచం కాడ నిలవడ్డడు. బావ గుర్తువట్టిండు. లక్ష్మీ అన్నడు. ఊపిరి తీసుకున్నడు. నర్సింహ అన్నడు. జర సేపు ఆగి ఆంజనేయ అన్నడు. మీ బాపు పలుకలే. అలవాటు గద, ప్రేమ్‌కుమార్ గూడ అయిపోనీ అని సూస్తున్నడు. బావ మల్ల ఊపిరి తీసుకోలే. నేను మీ బాపు బుజం మీద చెయ్యేసినా, ఇంగ సూస్తనే ఉన్నడు...

పాలు పొంగినట్టున్నయి, మీ అమ్మను పిలువు బిడ్డా.