మిరపకాయల కల్లంలో కూత

దగ్గు దస్తగిరని మా జువ్వలపాడులో ఒకడుండేవాడు. ఉండేవాడంటే పోయాడని కాదు, నీ నోట్లో చక్కెర పొయ్య, నిక్షేపంలా ఉన్నాడు, ఇప్పుడే నీ ముందరే ట్రాక్టరు తోలుకోని పొయ్యింది ఆయనే. పోయింది మనిషి కాదు, పేరు. ఆ పేరు ఎట్టా పోయిందో, పోయి ఎవురి నెత్తినెక్కిందో చెప్తా, రాసుకునే సారూ, తీరుబడిగా కూసో. అమ్మాయా, ఆ తొడిమెల చాట ఇటు తొయ్యి, మాట మాటే పని పనే. ఏమైందంటే, దస్తగిరి వయసులో ఉన్నప్పుడు చెడుగుడు ఆటలో పులంట. అంట ఏంది, నేను చూడలా? చూశా. మా పక్కన సంతపేటలో శ్రీరామనవమికి పందేలు పెడతారు గదా, ఆ పందేల్లో ఆఖరాట, ఆఖరి కూత. నీకు తెలవదేమో, చెడుగుడులో ఒక్క దమ్ముమీద కూత పెట్టుకుంటా అవతలోళ్ళ బరిలోకి పోవాలి, తాకాలి, ఆ దమ్ముమీదే గీత దాటి తిరిగి రావాలి. మధ్యలో ఊపిరి తెగిందా, అయిపోయినట్టే. దస్తగిరి పోయాడు, ఇద్దర్ని తాకాడు, తిరిగాడు, గీత చెయ్యందేంత దూరంలో ఉంది. అప్పుడొచ్చింది దగ్గు. ఎట్టా వచ్చిందో, ఎందుకొచ్చిందో, ఖళ్ళుమని ఒక్క దగ్గు. కూత తెగింది, షీల్డు పోయింది. ఆ పొద్దు నించి ఆయన దగ్గు దస్తగిరి. పెళ్ళికార్డులో గూడా అట్టా వేస్తేగానీ జనం గుర్తుపట్టలేదనుకో.

అట్టాంటోడు తల నెరిశాక మా పిలకాయలకి ఆట నేర్పుతానని లేచాడు. మేం నవ్వాం. మా ఊరోళ్ళకి అన్నిటికన్నా ముందొచ్చేది నవ్వు, ఆ తర్వాత ఏడుపు, బుద్ధి ఎప్పుడూ ఆఖరి బస్సుకే వస్తది. ఆయన ఏం జేశాడు, పిలకాయల్ని బడి దగ్గర మైదానంలో కాదు, మిరపకాయల కల్లంలో ఆడించాడు. కల్లమంటే ఇదిగో, ఇట్టాంటిదే, ఊళ్ళో రైతులందరూ కాయలు ఆరబోసే జాగా. రాశుల నడిమిన కాస్త నేల వదిలేవాళ్ళు, ఆ నేలలో ఆట. మేం ఆడోళ్ళం పక్కన కూసోని తొడిమెలు తీసేవాళ్ళం. మొదట్లో ఆ పిలకాయల అవస్త చూడాలి నువ్వు! కూత పెడితే తుమ్ము, పట్టు పడితే తుమ్ము, కళ్ళెంట నీళ్ళు, ముక్కులెంట నీళ్ళు. మా ఏడుకొండలని, ఆ గుంపులో గట్టి కూతగాడు, వాడైతే వాళ్ళమ్మని తిట్టుకుంటా తుమ్మేవాడు. దస్తగిరి మాత్రం, 'తుమ్మండ్రా, తుమ్మినంత సేపు తుమ్మండి, అదే ఆగుద్ది' అనేవాడు. ఆగింది. కొన్నాళ్ళకి ఆ ఘాటులోనే కూత పెడితే ఊరవతల దాకా వినపడేది. నవమికి పోయారు, కొట్టుకొచ్చారు. మళ్ళా నవమికి పోయారు, మళ్ళా కొట్టుకొచ్చారు. అయ్యా, ఆ షీల్డు మా ఊళ్ళోకి వచ్చిన పొద్దు నేను ఆడిన చిందులకి నా మోకాళ్ళు ఇప్పటికీ పలకవు.

ఇంక మొదలైంది సారూ అసలాట. చెంచయ్య టీకొట్టు ముందర. పిలకాయలు ఆడింది కాసేపే, మేం ఆడింది ఏడాది పొడుగూతా. ఎవురి వల్ల గెలిచామా అని. చెంచయ్య, 'పొద్దున్నే పచ్చిగుడ్లు తాపించింది ఎవురు? నా గుడ్ల బలం కాదా అది?' అంటాడు. మాలకొండయ్యని మా ఊరి పెద్దమనిషి, ఆయన గుండు తడుముకుంటా, 'నేను పోలేరమ్మకి మొక్కుకోబట్టి గదా, ఈ వయసులో గుండుకొట్టించుకోబట్టి గదా' అంటాడు. ఉన్నవి పది ఎంట్రుకలు, అవి ఇచ్చి అమ్మ చేత రెండు నవములు గెలిపించుకున్నానంటాడు, బేరం చూడండి. నేను తక్కువ తిన్నానా? 'నా అరుపుకి గదా అవతలోళ్ళ గుండెలు జారింది, ఈ వజ్రమ్మ గొంతు లేకపోతే ఏడుకొండలు గీత దాటేవాడా' అని నేను. నవమి తెల్లారి గొంతు పోయి రామాయణమంతా సైగల్తోనే చెప్పా గూడా. ఇట్టా కొట్టుకుంటా ఉంటే ఒక సాయంత్రం దస్తగిరి ట్రాక్టరు ఆపి టీకి దిగాడు. 'అన్నా, నువ్వు చెప్పు, మనం ఎందువల్ల గెలిచాం?' అన్నాడు చెంచయ్య, గుడ్లని చెప్తాడని ఆశ. దస్తగిరి టీ ఊదుకుంటా, 'మిరపకాయల వల్ల' అన్నాడు. 'ఆ దుమ్ములో దమ్ము నిలిపినోడికి సంతపేట గాలి ఒక లెక్కా? పానకం తాగినట్టుంటది' అన్నాడు. ఒక్కడన్నా ఆలోచించాడా? లేదు. కాయలంట! మా గుడ్లు, మా గుండు, మా గొంతు, అన్నీ తీసుకుపోయి కాయలకి కట్టబెట్టాడే అని మొహాలు మాడ్చుకున్నాం. 'ఆట నేర్పినోడు గదా, మనకి పేరు రానీకుండా అట్టా అంటాడులే' అన్నాడు మాలకొండయ్య. అందరం అవునన్నాం. అందరికన్నా ముందు నేనే అన్నా.

ఆ పందేల్లో ఒక కట్టుబాటుంది. గెలిచినోళ్ళు షీల్డుని ఏడాది ఉంచుకోని, మళ్ళా నవమికి తప్పెట్లతో తీసుకుపోయి తిరిగి అప్పజెప్పాలి. వరసగా మూడు నవములు కొడితే మాత్రం ఇంక అప్పజెప్పే పని లేదు, ఆ ఊరిదే. మేం రెండు కొట్టాం గదా, మూడోది ఉంది. దానిమీద దస్తగిరికి ఉన్న తపన చూసి మాకు మళ్ళా నోటిదురద. 'ఈయనకి ఇంత ఆశ ఎందుకుందంటావ్?' 'సర్పంచికి నిలబడతాడేమో.' 'షీల్డుమీద పేరు చెక్కించుకుంటాడంట.' 'కాదు, సంతపేటోళ్ళు ఎగరేసుకుపోతారంట, వాళ్ళ కాలేజీలో నేర్పిస్తాడంట.' అంట, అంట, అంట! ఆయన్నే అడగొచ్చు గదా? అడిగితే మాట్లాడుకోను ఏముంటది ఇంక. ఆఖరికి ఆ మాటలు ఆయన చెవినబడి ఆయనే వచ్చి చెప్పాడు. 'నాకు ఏ సర్పంచి వద్దు. నా మనవరాలు షమీముని బళ్ళో పిలకాయలు దగ్గు దస్తగిరి మనవరాలని ఏడిపిస్తన్నారు. అది పేరు పిలవంగానే ఏడుస్తా వస్తాంది ఇంటికి. నన్నంటే పడ్డా ఇన్నేళ్ళు, దాన్ని అంటే పడలేను. మూడోసారి షీల్డు తెస్తే షీల్డు దస్తగిరంటారు. అదీ నా ఆశ' అన్నాడు. ఆ పేరు పెట్టినోళ్ళలో నేనూ ఉన్నా గదా, కొత్తగా కాదు, మొదటి పొద్దు నించీ.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. జాలి కలిగింది గదా మాకు, మాకు జాలి కలిగితే పక్కోడికి ఆపదే. మాఘమాసంలో కొత్తకాయలు కోతకొచ్చినై. దస్తగిరి పాతకాయల లోడు ఏసుకోని గుంటూరు యార్డుకి పోయాడు, ఒక వారం దాకా రాడు. మాలకొండయ్య పంచాయితీ పెట్టాడు. 'రెండుసార్లు గెలిచిన పిలకాయలు ఇంకా మిరపకాయల్లో పొర్లాడతన్నారు, పక్కూళ్ళోళ్ళు చూస్తే ఏమనుకుంటారు? ఆయనొచ్చేలోపల మంచి బరి చేసి పెడదాం, చూసి మురిసిపోతాడు' అన్నాడు. 'సిగ్గుగాదా మనకి!' అని లేచిందెవురు? నేనే. ఏటికాడ నించి ఎర్రమట్టి తోలించాం, కల్లమంతా కడిగాం, నేను నా చేత్తో కళ్ళాపి జల్లా, ముగ్గుపిండితో గీతలు గీశా. మూలల్లో ముగ్గులు గూడా ఏశానే తల్లీ, ఏం చెప్పను! మరి కాయలెట్టా అంటే, ఎర్రగుడిపాలెంలో రేకుల షెడ్డున్న కల్లం ఉంది, మబ్బులొచ్చినా భయం లేదు, లారీలు గూడా ఆడికే వస్తాయి, రైతులు సంబరంగా ఆడికి తోలుకుపోయారు. ఎర్రగుడిపాలెం ఎవురనుకున్నావ్? రెండు నవముల్లోనూ ఆఖరాటలో మా చేతుల్లో ఓడిందే ఆ ఊరు.

దస్తగిరి వచ్చాడు. ట్రాక్టరు దిగకుండా చూశాడు ఆ ఎర్రమట్టి, ఆ గీతలు, నా ముగ్గులు. 'ఎవురు చేశారీ పని?' అన్నాడు. మేం పోటీలుపడి చేతులెత్తాం, నేను రెండు చేతులూ ఎత్తా. ఆయన కిందికి దిగి ఆ మట్టిలోనే చతికిలబడ్డాడు. 'కాయలు మళ్ళా తెప్పించండయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటా' అన్నాడు. రైతులు ఒప్పుకోలా, ఆ షెడ్డు మరిగారు గదా. మాలకొండయ్య, 'ఊరుకో దస్తగిరీ, నేను మళ్ళా మొక్కుకుంటా' అన్నాడు. కొత్తగా మొలిచిన నాలుగెంట్రుకల ధైర్యం ఆయనది.

ఇప్పుడు అసలు సంగతి విను. కాయలు ఆడికి పోయినై గదా, మా కూలి గూడా ఆడికే. మేం ఆడోళ్ళం పొద్దున్నే ఎర్రగుడిపాలెం నడిచిపోయేవాళ్ళం. ఆ ఊళ్ళో పిలకాయలు ఆ కల్లంలోనే ఆడేది ముందర నించీ, వేరే జాగా లేదు. అప్పటిదాకా ఆడ వడ్లే ఆరబోసేవాళ్ళు, మా కాయలొచ్చి పడేసరికి వాళ్ళ తుమ్ములు చూడాలి! వాళ్ళు మమ్మల్ని తిట్టడం, మేం నవ్వడం. 'చీదండ్రా చీదండి, మా దెబ్బకి నవమి దాకా చీదండి' అని నేను. సాయంత్రం టీకొట్టుకాడికొచ్చి వాళ్ళు తుమ్మినట్టు తుమ్మి చూపించేదాన్ని, జనం పొర్లిపొర్లి నవ్వేవాళ్ళు. దస్తగిరి ఒక్కడే నవ్వడు. రోజూ అడిగేవాడు, 'వజ్రక్కా, ఇంకా తుమ్ముతున్నారా?' అని. 'తుమ్ముతున్నారన్నా' అనేదాన్ని. ఒకరోజు, 'లేదన్నా, ఏందో, ఇయ్యాల ఎవడూ తుమ్మలా' అన్నా. ఆయన టీ గ్లాసు అట్టానే బల్లమీద పెట్టేసి పోయాడు. నేను చెంచయ్య మీదికి లేచా, 'ఏంది నీ టీ, చక్కెర ఎయ్యవా, మనిషి తాగకుండా పోయాడు' అని. చూశావా నా తెలివి? కళ్ళారా చూశా, నోరారా చెప్పా, బుర్రకి మాత్రం ఎక్కలా.

నవమి వచ్చింది. ఆఖరాట మాకూ ఎర్రగుడిపాలేనికీ. సమానంగా ఉన్నారు, ఆఖరి కూతకి ఏడుకొండలు పోయాడు. ఎర్రగుడిపాలెమోళ్ళు ఆ పొద్దున గూడా కల్లంలో ఆడి, ఒంటిమీద కాయల దుమ్ము కడుక్కోకుండా వచ్చారంట, వాళ్ళకది అలవాటైపోయింది, మనకి విభూదిలాగా. మావోడు ఒకణ్ణి తాకాడు, వాళ్ళు నలుగురూ కమ్ముకున్నారు. ఒకడి చెయ్యి వీడి మొహమ్మీద పడింది. ఎర్రమట్టిలో సుఖం మరిగిన ముక్కు గదా. అయినా వదిలించుకున్నాడు నా తండ్రి, ఈడ్చుకుంటా వచ్చాడు, గీత చెయ్యందేంత దూరంలో ఉంది. ఖళ్ళుమన్నాడు. కూత తెగింది. దస్తగిరి బరిలోకి పోయి ఆ పిలగాడి వీపు రాశాడు. 'దగ్గురా అయ్యా, దగ్గు. లోపల దాచుకోబాక' అన్నాడు. వాడు ఆయన్ని పట్టుకోని ఏడుస్తాంటే నేనూ ఏడ్చా, ఇప్పుడు చెప్తన్నా గూడా వస్తాంది చూడు. ఇవి మిరపకాయల కన్నీళ్ళు కావమ్మాయా.

షీల్డు తప్పెట్లతో వాళ్ళూరికి పోయింది. మేం ట్రాక్టరెక్కంగానే సంతపేట జనమంతా మమ్మల్ని చూసి దగ్గారు. ఒకడు కాదు, బజారు బజారంతా ఖళ్ళుఖళ్ళున. ఆ పొద్దు నించి అంతే. బస్సులో జువ్వలపాడుకి టిక్కెట్టని అడిగితే కండక్టరు ముందు దగ్గి తర్వాత చింపుతాడు. పెళ్ళిచూపులకి పోతే పెళ్ళోళ్ళు గొంతు సవరించుకుంటారు. మా ఊరికి దగ్గుపాడని పేరొచ్చింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, మాకు సరిగ్గా అదే అయ్యింది. షమీము బడి నించి గంతులేసుకుంటా వచ్చిందంట, 'తాతా, ఇప్పుడు నన్నొక్కదాన్నే అనడంలా, మన ఊరి పిలకాయల్ని అందర్నీ దగ్గోళ్ళంటన్నారు' అని. దస్తగిరి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఊరంతా దగ్గే అయ్యాక ఆయనొక్కడికి ఆ పేరెందుకు? ఇప్పుడు ఉత్త దస్తగిరే. ఆయన కోరిక మేం అట్టా తీర్చామనుకో.

టీకొట్టుకాడ ఇంకా తేల్లా, ఎందువల్ల ఓడామా అని. చెంచయ్య గుడ్లు ఆ ఏడు చిన్నవంటాడు. మాలకొండయ్య అంపైరంటాడు. నేను నోరు మూసుకున్నా, ఊళ్ళో అందరూ జబ్బుచేసిందేమో అనుకున్నారు. కాయలు మళ్ళా మా ఊరికి రాలా సారూ, ఆ రైతులు ఆ షెడ్డు వదలరు, నువ్వు చూస్తన్న ఈ కల్లం ఆ ఎర్రగుడిపాలెందే. అందుకని సాయంత్రం పనైపోయాక చూడు, మేం ఆడోళ్ళమెవురం ఈడ కొంగు దులుపుకోము. ఇంటికి పోయి కాళ్ళు గూడా కడుక్కోము. ఈ దుమ్ము ఇట్టానే ఒంటిమీద మోసుకోని తిన్నంగా మా ఊరి బరిలోకి పోతాం, పిలకాయలు కూత పెడతా ఉంటే నడిమిన నిలబడి కొంగులు దులుపుతాం. దస్తగిరి ఒక్కొక్కరికీ చూపిస్తాడు, 'ఇటేపు దులుపక్కా, ఏడుకొండలు మొహానికి తగిలేట్టు దులుపు' అని. నిన్న వాడు మూడుసార్లు తుమ్మాడు, ఊరంతా చప్పట్లు కొట్టాం. నవ్వుతావేంది సారూ? నవ్వు, నవ్వు. ఈ కల్లంలో కూసోని దగ్గకుండా నవ్వు చూద్దాం.