ఓటు రేపటికి వాయిదా

పోలింగు రోజు సాయంత్రం నాలుగింటికి ఆమె అన్నగారి టైర్ల షాపులోకి విసురుగా వచ్చింది. ఎన్నికల పుకార్లను కంప్యూటరుతో పసిగట్టే ఆఫీసులో ఆమె ఉద్యోగం.

"అన్నయ్యా, మన వార్డుకి ఓటింగు రేపటికి వాయిదా పడిందన్న ఆడియో పంపింది నువ్వేనా?"

"అది ఎన్నికల అధికారి గొంతేనే! నలుగురికీ పనికొస్తుందని పంపాను."

"ఆ గొంతు కంప్యూటరుతో పుట్టించింది. మా మెషిను నిమిషంలో పట్టేసింది. అనుమానమొస్తే అడగమని నీకు నంబరిచ్చాను కదా!"

"అరవకు. తప్పని ఇప్పుడే మెసేజ్ పెడతాను."

"మేం పొద్దున్నుంచీ పెడుతూనే ఉన్నాం. ఒక్కరూ నమ్మట్లేదు. ఎందుకో ఇందాకే తెలిసింది. 'టైర్ల షాపాయన అబద్ధం చెప్పడు' అంటున్నారు. ఆ నమ్మకంతోనే వాళ్ల గొంతు కోశావు!"

అతను తల దించుకున్నాడు. "ఏం చెయ్యమంటావ్?"

"వ్యాను తియ్యి. గుమ్మం గుమ్మానికీ వెళ్లి, తప్పు నాదేనని నీ నోటితో చెప్పు."

"పరువు పోతుందే!"

"పోనీ! వాళ్ల ఓటు పోకూడదు."

అయిదుసార్లు వ్యాను జనంతో నిండి పోలింగు జరిగే బడికి చేరింది. ఆరోసారి వెళ్లేసరికి పోలింగు గడువు ముగిసి గేటు మూసేశారు. వెనక సీట్లోని ముసలామె అతని భుజం తట్టింది.

"పోనీలే బాబూ. నువ్వు చెప్పినట్టు రేపే వేస్తాలే."