ముందుగది ట్యూబ్‌లైటు

సాయంత్రం అయిదున్నర. వెనకగదిలో మంచం మీద, కాలికి పిండికట్టుతో, ఇంటి ఆడపడుచు. ఫోను చేత్తో పట్టుకుని కొత్త మరదలు పరుగున వచ్చింది.

"వదినా! వచ్చిందట! ప్రమోషన్ వచ్చిందట!"

"ఎవరికి?"

"ఎవరికేమిటండీ, మీ తమ్ముడికి! ఇప్పుడే ఫోన్ చేశారు. నోరు తీపి చేసుకుందామంటే ఇంట్లో పంచదార తప్ప ఏమీ లేదు. ఏదీ, నోరు తెరవండి."

"వాడే చెప్పాడా?"

"మరి వాళ్ల మేనేజరు నాకు ఫోన్ చేసి చెబుతాడా? అలా చూస్తారేమిటి, పంచదార చేదుగా ఉందా?"

"లేదమ్మా. కాలు సలుపుతోంది."

"ఇక నా చదువుకి అడ్డు లేదు. 'నాకు ప్రమోషన్ రానీ, నువ్వు ఉద్యోగం మానేసి హాయిగా చదువుకో' అన్నారు కదా. సీటు గడువు ఎల్లుండే. రాజీనామా కాగితం ఎప్పుడో రాసి పెట్టుకున్నాను, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను."

"రేపేనా? అంత తొందరేమొచ్చింది? ఇంకో నెల..."

"నేనాగుతాను సరే, సీటు ఆగుతుందా? ఇవాళ అన్నీ శుభాలే వదినా. మీ రిమోటు రోగం కూడా కుదిర్చేస్తాను."

"అదెందుకిప్పుడు? వదిలెయ్."

"ఎలా వదులుతాను! ఈ ఇంటికొచ్చాక నా చేత్తో చేసిన మొదటి వస్తువు. మీ కాలు విరిగిందని టీవీ ఇక్కడికి తెచ్చాం, కేబుల్ బాక్సేమో ముందుగదిలోనే ఉండిపోయింది. మీరిక్కడ రిమోటు నొక్కితే ఈ సబ్బుపెట్టెలో ఉన్న కన్ను చూస్తుంది. తీగ వెంట ఆ కబురు వెళ్తుంది. అక్కడ బుల్లి దీపం బాక్సుకి చెబుతుంది. ఎంత ముద్దుగా పని చేస్తోంది! మధ్యాహ్నం మాత్రం మొరాయిస్తోందని మీరే అన్నారు."

"ఏదో మాటవరసకన్నాను."

"నేను ముందుగదిలోకి వెళ్తాను, చెప్పినప్పుడు నొక్కండి. ...ఆఁ, నొక్కండి!"

"నొక్కాను."

"దీపం వెలుగుతోంది వదినా! కంటికి కనబడదు గానీ ఫోను కెమెరాలోంచి చూస్తే వంకాయ రంగులో మినుకుమినుకు! మీకు చూపించాలి! ఛానెల్ మారిందా?"

"మారింది. బాగయిపోయింది. వచ్చెయ్."

"చెడింది ఎక్కడో తెలియకుండా బాగయిందంటే ఎలా? ఎండేమోనని నా అనుమానం. పడమటి కిటికీ కదా, మధ్యాహ్నం ఎండ మొహాన కొడితే బాక్సుకి దీపమెక్కడ కనబడుతుంది? ...అదేమిటి, కిటికీలు మూసున్నాయి? పొద్దున నేను బార్లా తెరిచి వెళ్లాను."

"గాలికి పడుంటాయి."

"గడియ పెట్టి, కర్టెన్ కూడా లాగిందా? ఎంత బుద్ధిమంతురాలండీ ఈ గాలి!"

"పనమ్మాయి మూసిందేమో."

"తను నాకంటే ముందే వెళ్లిపోతుంది కదా. ఉండండి, చీకటిగా ఉంది, బల్ల పైనున్న ట్యూబ్‌లైటు వేస్తాను. ఇప్పుడు నొక్కండి."

"...నొక్కాను."

"మారిందా?"

"మారింది."

"ఎక్కడ మారింది? అదే పాట నాకిక్కడికి వినబడుతుంటే! ఇంకోసారి. ...లేదు. దీపం వెలుగుతూనే ఉంది, బాక్సే పట్టించుకోవడం లేదు. ఆగండి, లైటు ఆర్పాను. నొక్కండి."

"నొక్కాను. వార్తలొస్తున్నాయి."

"దొరికింది! దొంగ దొరికింది! నా తప్పేం లేదు! ఈ పాత ట్యూబ్‌లైటు వెలుగు సరిగ్గా బాక్సు నెత్తిన పడుతోంది, దానికి కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. అందుకే మనకి సాయంత్రాలు తెలియలేదు. ఇది గుయ్యిమంటుందని మనం వెయ్యనే వెయ్యం, బల్బే కదా వేసుకుంటాం..."

"దొరికింది కదా. ఇక వచ్చి టీ పెట్టు."

"వదినా."

"ఊఁ."

"మధ్యాహ్నం దీన్ని ఎవరు వేస్తున్నారు?"

"నాకేం తెలుసు, మంచం దిగలేనిదాన్ని."

"అదే నేనూ అంటున్నాను. మీరు మంచం దిగలేరు. నేను కాలేజీ ల్యాబులో డ్యూటీలో ఉంటాను. ఆయన ఆఫీసులో. మరి కిటికీలన్నీ మూసి, ఈ లైటు కింద..."

"అమ్మాయ్. ఇలా వచ్చి కూర్చో. రేపు ఆ రాజీనామా ఇవ్వకు."

"నేనడిగింది అది కాదు."

"నువ్వడిగినదానికి జవాబు అదే. వాడికి ఉద్యోగం లేదు."

"ఇప్పుడేగా ఫోన్‌లో..."

"రోజూ పొద్దున్నే గడువు, గడువు అని నువ్వంటుంటే ఏం చెప్పాలో తోచక చెప్పుంటాడు. నువ్వటు వెళ్లగానే ఇటు వచ్చేస్తాడు. ఎదురింటివాళ్లు చూస్తారని కిటికీలు మూస్తాడు. ఆ లైటు కింద కూర్చుని ఉద్యోగాలకి అర్జీలు రాసుకుంటాడు. నువ్వొచ్చే వేళకి కిటికీలు తెరిచి మళ్లీ బయటికి పోతాడు, ఇవాళ మరిచినట్టున్నాడు."

"ఎన్నాళ్లుగా?"

"ఏం చెప్పమంటావు..."

"ఎన్నాళ్లుగా వదినా?"

"పెళ్లికి పది రోజుల ముందు తీసేశారు."

"ముందా?"

"అప్పటికే శుభలేఖలు పంచేశాం. ఈలోపు ఇంకోటి దొరక్కపోతుందా అనుకున్నాం."

"అనుకున్నాం. అంటే మీరూ అనుకున్నారు."

"నన్ను తిట్టు, పడతాను."

"తిట్టడం కాదు. రోజూ డబ్బా కట్టిస్తున్నాను కదా, అదెక్కడ తింటారు?"

"ఇక్కడే. ఈ మంచం పక్కన."

"ఆఫీసులో అందరూ లొట్టలేసుకుని తిన్నారని చెప్పేవారు. ఒకాయన అయితే వాళ్లావిడకి నేర్పమన్నాడట. ఖాళీ డబ్బా కడుగుతూ పాటలు పాడుకునేదాన్ని, పిచ్చిదాన్ని. మీకు వినబడేదిగా?"

"వినబడేది."

"అయినా చెప్పలేదు."

"ఏ నోటితో చెప్పను? ...అదిగో, గేటు. వాడే. అమ్మాయ్, నీకు దణ్ణం పెడతాను, ఇవాళ వాణ్ని ఏమీ అడక్కు. చెబుతాడు. వాడే చెబుతాడు."

"ఏమీ అడగను. ముందు మీరు కళ్లు తుడుచుకోండి."

"ఏమోయ్! అక్కకి చెప్పావా? ఏం అక్కా, నీ తమ్ముడంటే ఇక మాటలు కాదు! అబ్బ, ఇవాళ ఆఫీసులో ఒకటే హడావిడి, అందరూ చుట్టుముట్టేశారు. ఏమిటి, ఇద్దరూ అలా ఉన్నారు?"

"ఏం లేదండీ, సంతోషం. రేపు నేను సెలవు పెడుతున్నాను. పొద్దున ఎనిమిదిన్నరకి ఇద్దరం కలిసే మీ ఆఫీసుకి బయల్దేరదాం. నేనెప్పుడూ చూడలేదు కదా, దారి మీరే చూపించాలి."